ఆదివారం ధాన్యం గది శుభ్రం చేద్దాం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 8 గంటలకు మన ధాన్యం గది శుభ్రం చేస్తున్నాం. ఎవరి బస్తాలు వారు శనివారం సాయంత్రంలోగా బయటికి తీయండి.

గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూడండి. గింజకు చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే ముక్కుపురుగు బయటికి వచ్చేసినట్టే. అది గుడ్డు పెట్టేది గింజ లోపల. జల్లించినంత మాత్రాన పోదు. ఆ బస్తా విడిగా పెట్టండి. కొద్దిపాటి సరుకైతే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 4 రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి.

మిగతాది తేమ 12 శాతం మించకుండా ఆరబెట్టి తెండి. పాత సంచులు వద్దు, కుట్లలో పురుగు దాక్కుంటుంది.

ధాన్యంలో పురుగును చంపడానికి పెట్టే మందు బిళ్లల మాట మాత్రం ఎత్తకండి! వాటి నుంచి వచ్చే ఫాస్ఫిన్ వాయువు మనుషుల ప్రాణాలూ తీస్తుంది.

వచ్చేవారు ఇక్కడే పేరు రాయండి. చీపురు, ముఖానికి గుడ్డ మరవకండి.