దివ్యాంగులకు చిన్న అప్పు పుట్టదా?

దివ్యాంగులకు పింఛను చాలు, అప్పెందుకు అనే ధోరణి రుణాలిచ్చే సంస్థల్లో ఇంకా పోలేదు. నాకు తెలిసిన ఒకాయనకు రెండు కాళ్లూ పనిచేయవు. తొక్కుడు కుట్టుమిషన్ ఆయన తొక్కలేరు. చిన్న రుణం తీసుకుని దానికి మోటారు బిగించి, స్విచ్ మోచేతి దగ్గరకు మార్పించుకున్నారు. ఇప్పుడు చేతినిండా పనే, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. కానీ ఆ రుణం కోసం ఆయన్ను మూడుసార్లు మెట్లెక్కించారు (మోయించారు అనాలేమో!), హామీదారు లేనిదే కుదరదన్నారు. చూపులేని మరొకరిని సంతకం సరిపోలడం లేదని వెనక్కి పంపారు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒప్పందం, 12వ అధికరణంలో, రుణాలు వీరికీ అందరితో సమానంగా అందాలని స్పష్టంగా చెబుతోంది. అలాగని డబ్బు చేతిలో పెట్టి వదిలేసినా లాభం లేదు. వీల్‌చైర్‌కో, పనిముట్ల మార్పులకో అయ్యే ఖర్చు పెట్టుబడిని ముందే మింగేస్తుంది. అందుకే ఆ ఖర్చు వరకు గ్రాంటుగా ఇవ్వాలి. మిగతాది హామీ అడగకుండా రుణంగా ఇచ్చి, గిరాకీ కుదిరేదాకా మొదటి వాయిదా ఆపాలి. దరఖాస్తు కూడా ఇంటికొచ్చి తీసుకోవాలి.