సంతకం అడగాల్సింది వైద్యం చేసే డాక్టరు కాదు

స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక జబ్బు ఉన్నవారిని కొత్త మందుల ప్రయోగాల్లో చేర్చుకునేటప్పుడు సమ్మతి తీసుకునే తీరు మారాలి. మా తమ్ముడికి ఏళ్ల తరబడి వైద్యం చేస్తున్న డాక్టరే కాగితాలు ముందు పెట్టి సంతకం చేయమన్నారు. కాదంటే ఇక సరిగా చూడరేమోనన్న టెన్షన్‌తో వాడు చదవకుండానే చేసేశాడు (పక్కనే ఉండి నేనూ నోరు మెదపలేదు, ఆ తప్పు నాదే). అసలు మందు ఆపి కొన్ని వారాలు ఉత్తుత్తి మాత్ర ఇవ్వొచ్చని, అప్పుడు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉందని మాకు తర్వాతే అర్థమైంది. రోగి తన డాక్టరుపై ఆధారపడి ఉన్నప్పుడు, ఆ బంధంతో సంబంధం లేని అర్హులే సమ్మతి తీసుకోవాలని మనుషులపై జరిపే వైద్య పరిశోధనల్లో పాటించాల్సిన నీతి నియమాలపై ప్రపంచ వైద్య సంఘం చేసిన హెల్సింకీ ప్రకటన చెబుతోంది. 1964లో మొదలై ఎన్నోసార్లు సవరించిన పత్రమది, కొత్తదేమీ కాదు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన నిర్ణయం తీసుకోలేరని నేను అనను. మా వాడు బాగున్న రోజుల్లో నాకన్నా స్పష్టంగా మాట్లాడతాడు. కానీ ఆ స్పష్టత రోజుకోలా ఉంటుంది. కాబట్టి ప్రయోగంతో సంబంధం లేని వైద్యుడొకరు విషయం వివరించి, దాన్ని రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగాకే సంతకం తీసుకోవాలి. ప్రయోగం నడుస్తుండగా మళ్లీ మళ్లీ అడగాలి. ఒక్కో రోగిని చేర్చినందుకు డాక్టరుకు, ఆసుపత్రికి ఎంత ముడుతుందో అదే కాగితం మొదటి పేజీలో రాయాలి. ఇవేవీ లేని ప్రయోగానికి ఎథిక్స్ కమిటీలు అనుమతి ఇవ్వకూడదు.