నెలసరి నొప్పికి పెళ్లి మందు కాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో మహిళా ఆరోగ్య శిబిరం వార్త చదివినప్పటి నుంచీ మీకు రాయాలనే ఉంది. స్కూల్లో పరీక్షల పనిలో పడి ఇన్ని రోజులైంది. నెలసరిలో కడుపునొప్పి అందరికీ ఉండేదేననీ, పెళ్లయి ఒక కాన్పయితే అదే సర్దుకుంటుందనీ ఆ శిబిరంలో కాలేజీ అమ్మాయిలకు చెప్పారట. మీరు ఆ సలహాను బాక్సు కట్టి మరీ వేశారు. ఇంట్లో ముసలమ్మలు ఆ మాటంటే వాళ్లకు తెలిసింది అంతే అనుకోవచ్చు. వేదికెక్కి మైకులో చెప్పడమేమిటి, పేపరు దాన్ని అచ్చేయడమేమిటి? దయచేసి అది తప్పని అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ పేజీ చదివి ఎంతమంది తల్లులు "చూశావా, పేపర్లో కూడా రాశారు" అని కూతుళ్ల నోళ్లు మూయించారో!

మా అమ్మాయికి ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉంది. ఎనిమిదో తరగతి నుంచీ నెల నెలా నరకం చూసింది. చున్నీ అంచు పళ్ల మధ్య కరిచిపట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని గోడవైపు తిరిగి పడుకునేది. వాంతులు, నడుంనొప్పి. ఆ రోజుల్లో మోషన్‌కు వెళ్లాలంటే భయపడి అన్నం మానేసేది. ఒడిశాలో మా ఊరు రాయగడలో చూపిస్తే గ్యాస్ అన్నారు. ఇంకోచోట అపెండిక్స్ అనుమానం అన్నారు. స్కాన్ నార్మల్‌గా రాగానే చదువు టెన్షన్ అని పంపించేశారు. డిగ్రీకి వచ్చాక విశాఖ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందు అడిగింది, "నొప్పి వల్ల నెలలో ఎన్ని రోజులు కాలేజీ మానేస్తున్నావమ్మా?" అని. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడే. అప్పటికి అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, తయారై ఉంది.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం ఈ జబ్బులో గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, ట్యూబుల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుతుంది. నెలనెలా హార్మోన్లకు అదీ స్పందిస్తుంది. దాంతో లోపల వాపు వస్తుంది, పోనుపోను అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. చిన్న మచ్చలు మామూలు స్కాన్‌లో కనపడకపోవచ్చు, అందుకే స్కాన్ బాగుంది కాబట్టి పిల్ల నటిస్తోందని అనడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతానికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. జబ్బు ఫలానా అని తేలడానికి 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని కూడా ఆ సంస్థే చెబుతోంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. నొప్పి మాత్రలు, హార్మోన్ మాత్రలు, అవసరమైతే చిన్న గాట్లతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌తో అదుపులో పెట్టుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి తిరగబెడుతుంది.

గర్భం వచ్చినప్పుడు కొందరికి నొప్పి తగ్గే మాట నిజమే, కానీ అది వైద్యం కాదు, తర్వాత మళ్లీ రావచ్చు. పైగా ఈ జబ్బు వల్లే కొందరికి గర్భం నిలవడం కష్టమవుతుంది. నొప్పి పోతుందని పెళ్లి చేసి, పిల్లలు పుట్టకపోతే గొడ్రాలని అత్తవారింట అనిపించమంటారా? భార్యాభర్తల కలయికలో కూడా ప్రాణం పోయేంత నొప్పి రావచ్చని, అది జబ్బు లక్షణమేనని ఆ శిబిరంలో ఒక్కరూ చెప్పలేదే!

ఇంకో సలహా ఉంది, గర్భసంచి తీయించేయండి, పీడ వదిలిపోతుందని. బయట పెరిగిన కణజాలం గర్భసంచి తీసినంత మాత్రాన పోదు. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్లకు ఎడాపెడా గర్భసంచులు తీసేసిన సంగతి 2019లో దేశమంతా చదివింది. అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలను అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అయినా మా వీధిలో ముప్పై అయిదు దాటకుండానే తీయించుకున్నవాళ్లున్నారు.

మా ఒడిశా ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2018లో ఖుషీ పథకం తెచ్చి స్కూలు పిల్లలకు ప్యాడ్లు ఇచ్చారు, మంచిదే. ఐరన్ మాత్రలిస్తారు, బరువు తూస్తారు, ఫొటో దిగుతారు. నొప్పి ఉందా అని మాత్రం అడగరు. 2024 ఆగస్టు 15న కటక్‌లో ఉప ముఖ్యమంత్రి నెలసరి సెలవు ప్రకటించినప్పుడు ప్రైవేటు ఉద్యోగినులకు కూడా అన్నారు. నేను పనిచేసేది ప్రైవేటు స్కూల్లో, మాకైతే ఆ సెలవు ఇంతవరకూ రాలేదు. బజార్లో బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే పిల్లలను అడగండి, నొప్పని కూర్చుంటే జీతం కోసేస్తారు. మెడికల్ షాపుకెళ్తే చీటీ అడగకుండా నొప్పి మాత్రల స్ట్రిప్పు చేతిలో పెడతారు. ఆ మాత్రల్లో వాడే మెఫెనామిక్ యాసిడ్ వల్ల కొందరికి తీవ్రమైన రియాక్షన్ రావచ్చని 2023 చివర్లో మందుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఆ సంగతి కౌంటర్ దగ్గర ఎవరు చెబుతున్నారు?

జిల్లా ఆరోగ్య అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. స్కూళ్లకు వచ్చే ఆరోగ్య బృందాలు, నెలసరి నొప్పికి బడి మానేస్తున్న పిల్లల పేర్లు రాసుకుని ఆస్పత్రికి పంపాలి. ఆస్పత్రిలో వారానికి ఒకరోజైనా వాళ్లను తలుపు వేసి, తీరిగ్గా చూసే లేడీ డాక్టరు ఉండాలి. పక్కన తెలుగు, ఇక్కడి ఆదివాసుల భాష కుయి వచ్చిన నర్సు ఒకరుండాలి. ఇలాంటి బాధను వార్డ్‌బాయ్‌తో ఒడియాలోకి చెప్పించుకోవాల్సి వస్తే ఏ ఆడపిల్ల నోరు విప్పుతుంది?

ఇట్లు,
ఒక తల్లి, ప్రైవేటు స్కూలు టీచరు,
రాయగడ, ఒడిశా