అన్ని గ్రంథాలనూ చదివే మందిరం

సంపాదకులకు నమస్కారం.

బహాయీ మతం అంటే అన్ని మతాలనూ కలిపిన కలగూరగంప అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కృష్ణుడు, బుద్ధుడు, మోషే, ఏసు, మహమ్మద్ అందరూ ఒకే దేవుడు ఆయా కాలాలకు పంపినవారని, ఆ వరుసలో ఇరాన్‌లో పుట్టిన బహాఉల్లా ఇటీవలివాడని బహాయీల నమ్మకం. అందుకే పాత గ్రంథాలను తోసిపుచ్చరు.

1986లో తెరిచిన, ఢిల్లీలోని బహాయీల మందిరం లోటస్ టెంపుల్‌కు అమ్మతో వెళ్లాను. లోపల విగ్రహం లేదు, ఉపన్యాసం లేదు, వాద్యాలూ లేవు. ప్రార్థన వేళ ఒకరు సంస్కృత శ్లోకం చదివారు, మరొకరు బైబిల్, ఇంకొకరు ఖురాన్. శ్లోకం వినగానే చేతులు జోడించిన అమ్మ, ఖురాన్ చదువుతున్నప్పుడూ వాటిని దించలేదు.

మన స్కూళ్లలో అసెంబ్లీలో వారానికి ఒక్కరోజైనా ఇలా చదివించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ