నోబుల్ గారి ఊరి చర్చికి సాయం చేయండి

ప్రభువునందు ప్రియమైన తెలుగు సహోదరీ సహోదరులకు వందనాలు.

ఇంగ్లండులో మెల్టన్ మోబ్రే దగ్గర, రీక్ నది పక్కన ఫ్రిస్బీ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పాత రాతి చర్చి కమిటీలో ఉన్న తెలుగువాళ్లం ఈ ఉత్తరం రాస్తున్నాం. ఎక్కడో లెస్టర్‌షైర్ పల్లెలోని చర్చికి మేమెందుకు ఇవ్వాలి అని మీకు అనిపించవచ్చు. బందరు నోబుల్ కాలేజీ మీకు తెలుసు కదా, ఆ నోబుల్ గారు పుట్టింది ఈ ఊళ్లోనే.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో పుట్టారు. తండ్రి ఈ ఊరి పాదిరిగారు. కేంబ్రిడ్జిలో చదువుకున్నాక, 1841లో తోటి మిషనరీ హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారితో కలిసి తెలుగు దేశానికి ఓడెక్కారు. 1843లో మచిలీపట్నంలో బడి పెట్టారు. ఆ బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1864 ఉప్పెన బందరును ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడు నోబుల్ గారు కూడా అక్కడే కన్నుమూశారు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా ఇంటికి తిరిగి రాలేదు. ఆయన తిరిగి రాని ఊళ్లో మేం ప్రతి ఆదివారం ప్రార్థన చేసుకుంటున్నాం. ఆ సంగతి గుర్తొస్తే మనసు బరువెక్కుతుంది.

ఈ లోయలో ఊళ్ల పేర్లు చాలావరకు 'బీ' అనే ముగుస్తాయి. పూర్వం డెన్మార్క్ నుంచి వచ్చి స్థిరపడ్డ డేన్ జాతివాళ్ల భాషలో ఆ మాటకు ఊరు అని అర్థం. ఫ్రిస్బీ అంటే ఫ్రిసియన్ల (హాలండు వైపు సముద్రతీరపు జనం) ఊరు. పక్కనే బ్రూక్స్‌బీలో 1592లో, తర్వాత ఇంగ్లండు రాజు కొలువులో వెలిగిన బకింగ్‌హామ్ డ్యూక్ జార్జ్ విలియర్స్ పుట్టాడు. నోబుల్ గారి చిన్నతనంలో నదిలో బొగ్గు పడవలు తిరిగేవి. ఆయన బందరులో ఉండగా, 1846లో రైలు వచ్చింది. తర్వాత పడవలు ఆగిపోయాయి. ఊళ్లో పాతకాలపు రాతి సిలువ ఇప్పటికీ ఉంది.

చర్చి కాంటర్బరీ థామస్ అనే పునీతుడి పేరు మీద ఉంది. గంటల గోపురం కింది భాగం సుమారు 12వ శతాబ్దానిది. ఇంత పాత గోడను సిమెంటుతో పూయకూడదు. సిమెంటు తడిని లోపలే పట్టి ఉంచుతుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి రాయిని పగలగొడుతుంది. మన పెద్దలు గానుగ సున్నంతో కట్టినట్టే ఇక్కడా సున్నమే వాడాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు కావాలి, ముందుగా అనుమతులు తీసుకోవాలి. ఖర్చు ఎక్కువే. ఈ చర్చిల రోజువారీ నిర్వహణకు ప్రభుత్వం జీతంలా ఏమీ ఇవ్వదు, సంఘస్థులే చందాలు వేసుకోవాలి. ఊరేమో చిన్నది. వాన గట్టిగా పడిన ప్రతి రాత్రీ మాకు పైకప్పు, నీటి తూముల గురించే టెన్షన్.

మీ కానుక గోడల సున్నం పనికి, పైకప్పుకు, సమాధుల తోట బాగుకు వాడతాం. లెక్క రాసి అందరికీ చూపిస్తాం. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ (మీరు కట్టిన పన్నులో కొంత ప్రభుత్వం చర్చికి ఇచ్చే పద్ధతి) కాగితం మీద సంతకం పెడితే, మీరిచ్చే ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు చర్చికి వస్తాయి. దయచేసి ఆ సంతకం మరిచిపోవద్దు. అయిదు పౌండ్లయినా సంతోషంగా తీసుకుంటాం.

బందరు నోబుల్ కాలేజీలో చదివిన అన్నయ్యలు, అక్కయ్యలు మీరు ఏ ఏడాది చదివారో కానుకతో పాటు రాసి పంపండి. ఆదివారం ఆరాధనలో మీ పేర్లు చదివి ప్రార్థన చేస్తాం.

ఇట్లు,
చర్చి కమిటీ, ఫ్రిస్బీ