రెండో కొస

చిన్నీ,

నీ దగ్గర్నుంచి ఫోను వచ్చి మూడు వారాలైంది. పనిలో ఉంటావులే అనుకున్నాం. నిన్న బుజ్జి చెప్పింది, వంటిల్లంతా పీకించావట, పై క్యాబినెట్లు హాల్లో గోడకి జారగిలేసి ఉన్నాయట, వాటిని నువ్వొక్కదానివే బిగించుకుంటానన్నావట. బుజ్జి మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. ఆ మిగిలిన సగం కోసమే ఈ ఉత్తరం. అల్లుడుగారు ఇంట్లో ఉన్నారో లేదో అది చెప్పలేదు, నేనూ అడగలేదు.

సరే, పని సంగతికొద్దాం. గోడకి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించి ఉంటే పూర్తిగా ఆరేదాకా ఆగు. పచ్చిగోడకి పెట్టెలు ఆనిస్తే ఆ చెమ్మంతా వెనకషీటు తాగుతుంది. ఈలోగా ఒక్కో పెట్టెకీ కర్ణాలు కొలువు. ఈ మూల నుంచి ఎదురు మూలకి ఒకటి, మిగిలిన రెండు మూలల మధ్య ఇంకొకటి. రెండూ సమానంగా లేకపోతే పెట్టె వంకరగా ఉన్నట్టే. దాన్ని అలాగే బిగించేసి, తలుపులు కలవడం లేదని తర్వాత హింజెస్‌ని తిట్టుకుని లాభం లేదు.

పై క్యాబినెట్లే ముందు బిగించాలి. కిందవి ముందు పెడితే వాటి మీదుగా వంగి పని చెయ్యాలి, నడుం పోతుంది, గట్టు మీద డ్రిల్లు పడుతుంది. అయితే పైవాటి గీత పుట్టేది మాత్రం కింద నేల నుంచే. కప్పు నుంచి కిందికి కొలవకు, కప్పులు ఎప్పుడూ అబద్ధం చెప్తాయి. నేలకి మీటరు ఎత్తున ట్యూబ్ లెవెల్‌తో, అదే నీళ్ళు నింపిన గొట్టంతో, గోడల చుట్టూ ఒకే మట్టం గీత కొట్టు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఆ గీత నుంచి నేలకి ప్రతి అర మీటరుకీ టేపు పెట్టి చూడు. కొలత ఎక్కడ తక్కువొస్తే నేల అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. లెక్కంతా అక్కణ్ణుంచే మొదలవ్వాలి. కింది పెట్టె కాళ్ళు 100 ఎంఎం, పెట్టె 720, గట్టు రాయి 30, మొత్తం 850. ఆ పైన 600 ఖాళీ వదిలితే పై క్యాబినెట్ అడుగు 1450 దగ్గరికొస్తుంది. నువ్వు నాకన్నా పొట్టి, 550 వదిలినా చాలు. గట్టు నీ మోచెయ్యి కన్నా 10, 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పొయ్యి మీద చిమ్నీ ఎత్తు మాత్రం నీ ఇష్టం కాదు, దానితో వచ్చిన కాగితంలో ఎంత రాసుంటే అంత.

ఎత్తైన చోటు నుంచే ఎందుకంటే కాలుని విప్పి పొడుగు చెయ్యొచ్చు గానీ ఒక హద్దు దాటి పొట్టి చెయ్యలేం. పిన్ని వాళ్ళింట్లో ఏమైందో నీకు సగమే తెలుసు. వాళ్ళ వడ్రంగి గుమ్మం పక్క మూల నుంచి మొదలుపెట్టాడు. అక్కడే నేల పల్లం. రసమట్టం పెట్టుకుంటూ ఒక్కో పెట్టే పేర్చుకుంటూ సింకు దాకా వచ్చాడు, అక్కడ నేల 22 ఎంఎం ఎత్తు. కాలు మర ఎంత తిప్పినా పది పన్నెండు ఎంఎం కన్నా లోపలికి పోలేదు. వెనక్కెళ్ళి మొదటి నుంచీ అన్నీ ఎత్తుకు రావాలంటే ఒక పూట పని. ఎవరు చేస్తారు? సింకు పెట్టెకి కాళ్ళు పీకేసి, కోతలో మిగిలిన ప్లై ముక్కలు ఒకదాని మీదొకటి పేర్చి దాని మీద కూర్చోబెట్టేశాడు. ముందు స్కర్టింగ్ పట్టీ కొట్టేస్తే ఎవరికి కనిపిస్తుంది? ఇల్లు తుడిచిన నీళ్ళన్నీ ఆ ముక్కల కోసిన అంచులు పీల్చుకున్నాయి. వాటి నుంచి పెట్టె అడుగుకి, అడుగు నుంచి పక్క చెక్కకి పాకింది. ముందు తలుపు కిందికి జారింది. హింజ్ మార్చారు, మళ్ళీ జారింది. ఇంకా ఖరీదైంది వేశారు, అదీ జారింది. ఉబ్బిన ప్లైలో స్క్రూ పట్టుకోవడం లేదని ఎవరికీ తట్టలేదు. పిన్ని ఆ తలుపుకి రబ్బరుబ్యాండు వేసి ఏడాది నెట్టుకొచ్చింది. చివరికి బాబాయి పట్టీ ఊడదీసి టార్చి వేస్తే కింద అంతా నల్లటి పిండి! ఒక పూట బద్ధకానికి మొత్తం వరసే పోయింది. ఆ రోజుల్లో పిన్నికి సాయం చేసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు, అదీ ఒక కారణమే.

ఇంతకీ పెట్టెలు ఎత్తేటప్పుడు రెండో పక్క ఎవరు పట్టుకుంటున్నారు?

ఎందుకడుగుతున్నానంటే, 900 వెడల్పు పై పెట్టె 18 ఎంఎం ప్లైతో చేస్తే ఖాళీగానే 20, 25 కిలోలు తూగుతుంది. తలుపులూ అరలూ ముందే ఊడదీస్తే కొంత తగ్గుతుంది, అలా ఊడదీశాకే ఎత్తాలి. ప్లేట్లూ డబ్బాలూ సర్దాక ఎంత బరువవుతుందో లెక్కేసుకో. ఆ బరువంతా మోసేది నాలుగు స్క్రూలు. వెనకనున్న 6 ఎంఎం షీటుకి స్క్రూ కొడితే అది కాగితంలా చిరిగి వచ్చేస్తుంది. లోపల పైభాగాన 18 ఎంఎం బద్ద ఉంటే దాని గుండా కొట్టు, లేదా గోడకి బిగించే రైలూ, పెట్టెని దానికి తగిలించే హ్యాంగర్లూ వాడు. హ్యాంగర్లకి పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ సర్దే స్క్రూలుంటాయి, నీకవే తేలిక.

గోడ దేనితో కట్టిందో తట్టి చూడు. ఇటుకైతే 10 ఎంఎం బెజ్జం, అందులో స్క్రూని పట్టుకునే 10 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్గు. గోడ మీది ప్లాస్టరు 12, 15 ఎంఎం ఉంటుంది, అది బరువు మొయ్యదు. ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలోకి కనీసం 50 ఎంఎం దిగాలి. బెజ్జం ప్లగ్గు కన్నా ఒక సెంటీమీటరు లోతుగా పెట్టి, లోపలి పొడి మొత్తం ఊదెయ్యాలి. పొడి ఉండగా ప్లగ్గు దించితే వేలితో లాగినా వస్తుంది. బోలు దిమ్మెల గోడైతే డ్రిల్లులో హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పు, లేకపోతే లోపలి గోడ పెచ్చులూడిపోతుంది. అక్కడ మామూలు ప్లగ్గు పనికిరాదు, జాలీ గొట్టం పెట్టి కెమికల్ యాంకర్, అంటే గట్టిపడే జిగురు, పొయ్యాలి. స్విచ్‌బోర్డుకీ కుళాయికీ నిట్టనిలువునా పైనా కిందా బెజ్జం పెట్టొద్దు, పైపులు అక్కడే పోతాయి. ప్లాస్టరింగ్‌కి ముందు ఫోటోలు తీసి ఉంటావు కదా? తీయలేదా? సరే.

చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తున్నా. పై క్యాబినెట్ అడుగు వచ్చే గీతకి సరిగ్గా కింద ఒక తిన్నటి చెక్క బద్దని గోడకి తాత్కాలికంగా స్క్రూలతో బిగించు. పెట్టె అడుగు దాని మీద ఆనుతుంది, బరువు చేతుల మీద పడదు, మట్టమూ తప్పదు. అయినా పెట్టె ముందుకి తూలకుండా ఒక మనిషి కావాలి. స్టూలెక్కి ఒక చేత్తో పెట్టే, ఇంకో చేత్తో డ్రిల్లూ, అది మాత్రం వద్దమ్మా.

మూల పెట్టెతో మొదలుపెట్టి రెండు వైపులకీ రా. పక్క పెట్టెతో కలిపేముందు ముందంచులు సమం చేసి క్లాంపు బిగించి, సన్న బెజ్జం వేసి, 30 ఎంఎం స్క్రూ కొట్టు. రెండు చెక్కలూ కలిపి 36 కదా, 40ది కొడితే మొన అవతలికొచ్చి చెయ్యి గీరుకుంటుంది. మూలలో కనీసం 50 ఎంఎం ఖాళీని కప్పే ఫిల్లర్ పట్టీ వదులు, లేకపోతే సొరుగు లాగినప్పుడు పక్క తలుపు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. సొరుగు డబ్బా వెడల్పు పెట్టె లోపలి కొలత కన్నా 26 ఎంఎం తక్కువుండాలి, సొరుగు జారే ఛానల్‌కి పక్కకి 13 చొప్పున. హింజెస్ అన్నీ అయ్యాక ఒకేసారి సర్దుకో. సింకు పెట్టెలో కోసిన ప్రతి అంచుకీ సిలికాన్ రాయి, పైపు కోసం వేసిన బెజ్జం చుట్టూ కూడా. పిన్నిని తలుచుకుంటూ రాయి.

గట్టు రాయి కొలత కింద పెట్టెలు బిగించాకే ఇవ్వాలి, గీసిన బొమ్మ చూసి కాదు. 30 ఎంఎం గ్రానైట్ చదరపు మీటరు దాదాపు 80 కిలోలు. దాన్ని కూడా ఒక్కదానివే ఎత్తుతానంటావేమో!

కళ్ళద్దాలు పెట్టుకో, మాస్కు కూడా. నీకు దుమ్ము పడదు, చిన్నప్పటి నుంచీ అంతే. డ్రిల్లు పట్టుకున్నప్పుడు చున్నీ తీసెయ్. వేళకి తిను. రాత్రి పది తర్వాత స్క్రూ ముట్టుకోకు, వంకరవన్నీ ఆ వేళలోనే పడతాయి.

లేజర్ ఉంది కదమ్మా అంటావు. ఉంటే మంచిదే. అయినా మీ నాన్న ట్యూబ్ లెవెల్ పార్సెల్ చేయించాను. పది మీటర్ల గొట్టం, లోపల బుడగ లేకుండా నీళ్ళు నింపుకోవాలి. దాన్ని ఒక్కరు పట్టుకోలేరు. ఒక కొస నువ్వు పట్టుకుంటే రెండోది ఎవరు పట్టుకున్నారో ఒక్క ముక్క రాయి. అల్లుడుగారు అని రాసినా సరే, ఎవరూ లేరని రాసినా సరే. మీ నాన్నా నేనూ బస్సెక్కుతాం.

అమ్మ