పొల్లు కూడా పోలేదన్నవారికీ, అంతా మార్చేశారన్నవారికీ

సంపాదకులకు,

మీ ఉత్తరాల పేజీలో ఈ మధ్య బైబిల్ గురించి రెండు ఉత్తరాలు వచ్చాయి. బైబిల్‌ను ఎప్పుడో మార్చేశారని, మత్తయి 18:11 లాంటి వచనాలు కొత్త ప్రతుల్లో కనిపించకపోవడమే దానికి సాక్ష్యమని ఒకరు రాశారు. మూల రాత నుంచి నేటి దాకా ఒక్క పొల్లు కూడా మారలేదని, అసలు అలా అడగడమే అవిశ్వాసమని ఒక విశ్వాసి జవాబిచ్చారు. పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల సంఘాల్లో వాక్యం బోధించే మాకు ఈ రెండో ఉత్తరమే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. మొదటాయన అనుమానానికి జవాబుంది. రెండో ఆయన ఆ జవాబు దాకా ఎవర్నీ రానిచ్చేట్టు లేరు.

మా వైపు ఈ పేచీ తరచుగా రావడానికి ఒక కారణముంది. ఒకే బెంచీ మీద పెద్దవాళ్ల చేతిలో తెలుగు పరిశుద్ధ గ్రంథం ఉంటుంది, ఒడియా మీడియంలో చదివిన పిల్లల చేతిలో ఒడియా బైబిలో, ఫోన్లో ఇంగ్లీషుదో ఉంటుంది. కొండమీది సవర సంఘాల వాళ్లు వచ్చినరోజు మూడో భాష కూడా చేరుతుంది. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందం 1815 నాటికే ఒడియా బైబిల్ మొత్తం అచ్చువేసింది. విశాఖపట్నంలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. అంటే రెండు భాషల వాళ్లం రెండు వందల ఏళ్లుగా వేర్వేరు అనువాదాలు చదువుకుంటున్నాం. ఒకే వచనంలో పాస్టరుగారు చదివిన అంకెకూ పిల్లవాడి ఫోన్లోని అంకెకూ పొసగనప్పుడు వాడు అడుగుతాడు. కసిరితే నోరు మూసుకుంటాడు, ఇంటికెళ్లి యూట్యూబ్‌ని అడుగుతాడు.

లేఖనంలో తప్పు లేదని నమ్మేవాళ్లు సరిగ్గా ఏం నమ్ముతారో ముందు చెప్పుకోవాలి. 1978 అక్టోబరులో అమెరికాలోని షికాగోలో ఇవాంజెలికల్ పండితులు, సంఘ నాయకులు దాదాపు 300 మంది ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. ఈ నమ్మకానికి అంతకంటే వివరమైన పత్రం అరుదు. అందులో 19 అధికరణాలున్నాయి. దైవప్రేరణ అన్నమాట ఖచ్చితంగా వర్తించేది మూల రాతకే అని, నకళ్లు, అనువాదాలు ఆ మూలానికి ఎంత నమ్మకంగా ఉంటే అంతమేరకు దేవుని వాక్యమని 10వ అధికరణం చెబుతుంది. ఉజ్జాయింపు అంకెలు, అతిశయోక్తి, వ్యాకరణ లోపాలు, కంటికి కనిపించినట్టు ప్రకృతిని వర్ణించడం, ఒకే సంగతికి ఒక్కో సువార్తికుడు ఒక్కో వివరం ఎంచుకోవడం తప్పుల లెక్కలోకి రావని 13వది చెబుతుంది. కథోలికుల మాట 1965 నవంబరు 18న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన 'దేయి వెర్బుమ్' 11వ పేరాలో ఉంది: మన రక్షణ కోసం దేవుడు లేఖనాల్లో ఉంచగోరిన సత్యాన్ని అవి స్థిరంగా, నమ్మకంగా, పొరపాటు లేకుండా బోధిస్తాయి. ఈ రెండు పత్రాల మధ్య ఉన్న తేడా చిన్నదేమీ కాదు. కానీ నకలు రాసినవాడి చేయి ఎన్నడూ వణకలేదని మాత్రం రెండిట్లో ఏదీ అనలేదు.

చేయి వణికిన చోటు ఒకటి చూద్దాం. యూదా రాజు అహజ్యా ఏలడం మొదలుపెట్టేనాటికి 22 ఏళ్లవాడని 2 రాజులు 8:26లో ఉంది. అదే రాజుకు 2 దినవృత్తాంతములు 22:2లో హెబ్రీ ప్రతులు 42 ఏళ్లంటాయి. ఏది సరైనదో తేల్చడానికి పండితుడి దగ్గరికి పోనక్కర్లేదు. ఒక పేజీ వెనక్కి తిప్పి 21:20 చదవండి. అతని తండ్రి యెహోరాము 32వ ఏట రాజయ్యాడు, 8 సంవత్సరాలు ఏలాడు, పోయేనాటికి 40 ఏళ్లవాడు. కొడుకు 42 ఏళ్లవాడైతే తండ్రికంటే రెండేళ్లు పెద్ద కావాలి. పైగా 22:1 ప్రకారం అహజ్యా అందరిలోకీ కడసారపు కొడుకు. కాబట్టి 22 సరైన అంకె. కొన్ని గ్రీకు ప్రతుల్లో, సిరియా అనువాదంలో ఈ వచనం దగ్గర కూడా 22 అనే ఉంది. కొన్ని అనువాదాలు హెబ్రీలో ఉన్నట్టే 42 ఉంచాయి, కొన్ని 22 వేసి అడుగున నోటు పెట్టాయి. ఫోన్లో ఒకటి, చేతిలో ఒకటి కనిపించడానికి కారణం ఇదీ. అదే పుస్తకం తనను తాను దిద్దుకునే చోట "బైబిల్‌లో తేడాలే లేవు" అని ఒట్టుపెట్టడం ఎందుకో మాకు అర్థం కాదు.

అంకెలు చెడడం తేలిక, ఎందుకంటే అంకెకు ముందూ వెనకా అర్థం పట్టి ఉంచదు. మాట తప్పు పడితే వాక్యం కుంటుతుంది, చదివేవాడు ఆగుతాడు. 42 ఎక్కడ పడినా నడిచిపోతుంది. 1 సమూయేలు 13:1లో సౌలు రాజైనప్పటి వయసు హెబ్రీలో అసలు లేనే లేదు, ఆ అంకె ఎప్పుడో జారిపోయింది. కొన్ని అనువాదాలు కొన్ని గ్రీకు ప్రతులను బట్టి 30 వేస్తాయి, కొన్ని ఖాళీ వదిలేస్తాయి. దానికి తిరుగులేని జవాబు ఎవరి దగ్గరా లేదు, లేదని చెప్పడంలో నామోషీ కూడా లేదు.

ఇంకో రకం పొరపాటు కన్ను జారడం. ఒకే మాటలు రెండు వరసల్లో వస్తే రాసేవాడు మొదటిదాని దగ్గర ఆపి, తల ఎత్తి, మళ్లీ చూసేసరికి రెండోదాని మీద పడతాడు. మధ్యది పోతుంది. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన పెద్ద యెషయా గ్రంథపు చుట్టలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 17 తోలు ముక్కలు కుట్టి చేసిన, ఏడు మీటర్లకు పైగా పొడవున్న చుట్ట అది. యెషయా 40:7లోనూ 40:8లోనూ గడ్డి ఎండడం, పువ్వు వాడడం వస్తాయి. రాసినవాడి కన్ను మొదటి గడ్డి మీంచి రెండో గడ్డికి దూకింది. వదిలేసినదాన్ని తరువాత ఇంకొకరు వరసల మధ్యా, పక్క అంచు వెంటా ఇరికించి రాశారు. ఆ 8వ వచనం చివర ఉన్నది "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అన్న మాటే! ఆ చుట్ట మన చేతికి అంతవరకూ ఉన్న పూర్తి హెబ్రీ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. సరిచూస్తే 66 అధ్యాయాలూ అవే. తేడాల్లో ఎక్కువ భాగం వర్ణక్రమానివి. కొన్నిచోట్ల మాత్రం నిజమైన పాఠభేదాలు, అంటే ప్రతికీ ప్రతికీ మాటల్లోనే తేడాలు, ఉన్నాయి, మంచి అనువాదాలు వాటిని నోటులో చూపిస్తాయి.

ఇక మాయమైన వచనాల సంగతి. కొత్త నిబంధనకు మనం వాడుతున్న వచన సంఖ్యలు వేసింది రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. ఆనాడు అచ్చులో ఉన్న గ్రీకు పాఠానికి ఆధారం చాలావరకు ఆలస్యపు నకళ్లు. 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులను 19వ శతాబ్దంలో పండితులు పూర్తిగా చదవగలిగాక, ఆ సంఖ్యలు పడిన కొన్ని వాక్యాలు పాతవాటిలో లేవని తేలింది. సంఖ్య మిగిలింది, వాక్యం అడుగు నోటులోకి దిగింది. వాట్సాప్‌లో తిరిగే జాబితా తీసుకుని ఒక్కొక్కటే చూడండి. మత్తయి 18:11 మాట లూకా 19:10లో ఉంది. మత్తయి 23:14ది మార్కు 12:40లో, మత్తయి 17:21ది మార్కు 9:29లో. ఒక సువార్త బాగా కంఠస్థమైనవాడు ఇంకో సువార్త రాస్తూ అలవాటుగా చేర్చిన పోలికలు ఇవి. ఎవరో కుట్రపన్ని తీసేసి ఉంటే పక్క పుస్తకంలో అదే మాటను వదిలేస్తారా? మార్కు 16:9–20, యోహాను 7:53–8:11 మాత్రం ఇంత తేలికైనవి కావు. ఈ రెండు భాగాలూ ఆ రెండు పాత ప్రతుల్లోనూ లేవు. మార్కులోని ఆ చివరి వచనాలు పట్టుకుని విషం తాగినా ఏమీ కాదని, మందులు అక్కర్లేదని చెప్పేవాళ్లు మా కొండ ఊళ్లలో తిరుగుతుంటారు. టీబీ మందు సాధారణంగా 6 నెలలు వాడాలి, మధ్యలో ఆపితే రోగం మందుకు లొంగని రకంగా తిరగబడే ప్రమాదముంది. ఆ వచనాల్లో కూడా మందు మానమని ఎక్కడా లేదు. బిస్సంకటక్‌లో మిషన్ ఆసుపత్రి కట్టినవాళ్లు ఇదే బైబిల్ చదివినవాళ్లు.

"మూల ప్రతులే లేనప్పుడు మూలంలో తప్పు లేదంటే ఏం లాభం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తహసీల్ ఆఫీసు నకలులో ప్లాటు నంబరు తప్పు పడితే పొలం మారిపోదు, వేరే నకళ్లూ పాత రికార్డూ తెప్పించి దిద్దుతారు. గ్రీకు కొత్త నిబంధన నకళ్లు, ముక్కలతో కలిపి, 5,000కు పైగా ఉన్నాయి. ఐగుప్తులో, సిరియాలో, రోములో వేర్వేరు చేతులు రాసినవి. అన్నిటినీ ఒకేసారి మార్చగల అధికారం మొదటి మూడు శతాబ్దాల్లో ఏ సంఘానికీ లేదు. ఒక ప్రాంతం పొరపాటును ఇంకో ప్రాంతం నకలు పట్టిస్తుంది. అయితే ఇక్కడ మావాళ్లు కూడా ఒక అడుగు ఎక్కువ వేస్తున్నారు. నకళ్ల సంఖ్య బైబిల్ దేవుని మాట అని రుజువు చేయదు. మన చేతిలో ఉన్నది, మొదట రాసినవాళ్లు రాసిందే అని మాత్రమే చెబుతుంది. దేవుని మాట అన్న నమ్మకానికి మేం ఆధారంగా ఎంచేది వేరు: లేఖనం నిరర్థకం కాదని యేసే అన్నాడు (యోహాను 10:35), తన వాదాలు దానిమీదే నిలబెట్టాడు. యేసును నమ్మినవాడు ఆయన నమ్మిన గ్రంథాన్ని నమ్ముతాడు. ఇది విశ్వాసం, మ్యూజియంలో తేలే లెక్క కాదు.

నిజానికి మా ప్రాంతంలో లేఖనపు అధికారానికి చెడుపు చేస్తున్నది పాఠభేదాలు కావు, గోడకు తగిలించే వచనాలు. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్న యోబు 8:7 లేని తెలుగు క్రైస్తవ ఇల్లు మా వైపు అరుదు. గృహప్రవేశం ఫ్లెక్సీ మీదా, కొట్టు గల్లాపెట్టె వెనకా అదే. ఆ మాట అన్నది దేవుడు కాదు, షూహీయుడైన బిల్దదు. ఎవరితో? ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లని ఒక్కరోజులో పోగొట్టుకున్న తండ్రితో. పైన మూడు వచనాలు చదవండి: నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే పోయారన్న అర్థంలో మాట్లాడుతున్నాడు. 42:7కు వచ్చేసరికి దేవుడు ఎలీఫజుతో, నీమీదా నీ ఇద్దరు స్నేహితులమీదా నా కోపం మండుతోంది, మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు అంటాడు. "చివరికి యోబుకు అలాగే జరిగింది కదా" అనేవాళ్లున్నారు. జరిగింది, 42:12లో ఉంది, కానీ బిల్దదు చెప్పిన కారణంతో కాదు. బైబిల్ నిజమంటే బిల్దదు ఆ మాట అన్నాడన్నది నిజం. అతను చెప్పిందల్లా నిజమని కాదు. యిర్మీయా 29:11 సంగతీ అంతే. "సమాధానకరమైన ఉద్దేశములు" అని కార్డు మీద వేస్తారు, దానికి ముందు వచనంలోని బబులోను 70 సంవత్సరాల మాట వేయరు. బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట అది, ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు.

ఇది సరిచేయడానికి సెమినరీ చదువు అక్కర్లేదు. ప్రసంగానికో కార్డుకో ఒక వచనం ఎంచుకుంటే ఆ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పైకి చదవండి. మాట్లాడుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు అన్నది పెన్సిలుతో పక్కన రాసుకోండి. యోబు అయితే 42వ అధ్యాయం కూడా చూడాలి. అంకె ఉంటే రాజుల గ్రంథాన్నీ దినవృత్తాంతాలనీ పక్కపక్కన పెట్టండి. సంఘంలో ఒడియా చదివే పిల్లలుంటే వాళ్లనే లేపి అదే వచనం చదివించండి. తేడా వస్తే అప్పటికప్పుడు తీర్పు చెప్పకుండా నోటు ఉన్న మూడో ప్రతి చూడండి. చవక అచ్చు ప్రతుల్లో అడుగు నోట్లు ఉండవు. ఫోన్ యాప్‌లో వచనం పక్కనున్న చిన్న అక్షరం మీద నొక్కితేనే తెరుచుకుంటాయి, ఆ సంగతి తెలియక నోటే లేదనుకునేవాళ్లు ఎక్కువ. పావుగంట పని. బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే రోజూ లేఖనాలతో సరిచూశారని అపొస్తలుల కార్యములు 17:11 వాళ్లను మెచ్చుకుంది. మన పాస్టర్లు పౌలు కంటే పెద్దవాళ్లా?

మీ పత్రికకూ ఒక మనవి. వచనాలు వేసేటప్పుడు అధ్యాయం, వచన సంఖ్యతో పాటు ఆ మాట ఎవరిదో కూడా ఒక ముక్క చేర్చండి. "బిల్దదు యోబుతో" అని రెండు మాటలు చాలు. సంఘ పెద్దలకు కూడా ఇదే చెబుతున్నాం. డిసెంబరు 31 రాత్రి పంచే వాగ్దాన కార్డులు నవంబరులోనే ప్రెస్సుకు వెళ్తాయి. ప్రూఫు దిద్దేవాళ్ల చేతికి వెళ్లేలోపు ఆ వచనాలున్న అధ్యాయాలు ఒకసారి చదివించండి.

ఇట్లు,
కొందరు వాక్య బోధకులు, సండేస్కూల్ టీచర్లు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా